చూడు

సభలో నా వంతు పది నిముషాలు.
గంట ఉండదు. తర్వాతివాడు వచ్చి మోచేత్తో తడతాడు,
ఒకే మాట మీద రెండు పెన్సిళ్లు కాసేపు నడిచాక
నేను లేచి పోతాను.
సన్నగీత ప. వత్తి గీస్తే బ.
అచ్చులన్నీ చుక్కలు.
మంత్రిగారు జవాబు గడగడా చదివేస్తుంటే
చుక్కలు పెట్టే తీరిక ఎవడికి?

పర్లాకిమిడి వాణ్ని. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా,
భువనేశ్వరంలో జీతానికి ఈ గీతలు.

ఏడాది చివర సూచిక పని.
చెప్పుల అట్టపెట్టెల నిండా కార్డులు:
కరువు — చూడు: సహాయక చర్యలు.
ఆకలి — చూడు: పౌర సరఫరాలు.
ఏనుగులు — చూడు: అడవులు. ఇంకా చూడు: పంటనష్టం.
ఏడుపుకి కార్డు లేదు.
నవ్వుకీ లేదు గానీ
నవ్వుకి బ్రాకెట్లలో చోటుంది.

కాశీనగరం అవతల ఇసకలపేట నుంచి
బొమ్మాళి దండాసి అని ఒక సభ్యుడు.
మూడేళ్లు తువ్వాలు మడత విప్పకుండా కూర్చున్నాడు.
పనులశాఖ పద్దు మీద ఒక మధ్యాహ్నం లేచి
"మాన్యవర అధ్యక్ష మహోదయ" అన్నాడు,
అక్కడితో ఒడియా అయిపోయింది.
"మా ఊరికి ఏరడ్డం బాబూ" అన్నాడు.

నా తర్వాతివాడిది కేంద్రాపడా. తెలుగు రాదు.
మోచెయ్యి తగిలింది.
నేను లేవలేదు.

అచ్చులో వచ్చింది ఇంతే:
(మాన్యసభ్యులు తెలుగులో మాట్లాడారు.)
దాని కింద, (నవ్వులు).
పన్నెండు నిముషాలకి రెండు బ్రాకెట్లు.

పాత నోట్‌బుక్కులు కాల్చేయమని ఉత్తర్వు.
ఆ ఒక్కటీ జీడిపప్పు సంచిలో పెట్టి
ఇంటికి తెచ్చుకున్నాను. నేరమే.

రిటైరయి, ఒక కంటికి శుక్లం తీయించుకుని
మొన్న విప్పాను.
పెన్సిలు వెలిసిపోయి సన్నమేదో లావేదో తెలియడంలేదు.
"పీకల్లోతు నీట్లో" — ఇది స్పష్టం —
తర్వాత ప, డ. చుక్క లేదు.
"దాటిస్తన్నాం, మీరెవులైనా సూసేరా?"

పాడా? ఆవుల్ని దాటిస్తున్నారా?
పాడె?
విన్నవాణ్ని నేనే. కానీ ఆ రోజు
విన్నది నా చెవి కాదు, చెయ్యి.
నవ్వినవాళ్లకి తెలుగు రాదు.
నాకు వచ్చు. నేను నవ్వానా?
చెయ్యి నవ్వులు అని రాసుకుంది,
నోరేం చేసిందో అందులో లేదు.

ఖాళీ కార్డులు ఇంకా మిగిలున్నాయి నా దగ్గర.
పాడి — చూడు: పాడె.
పాడె — చూడు: పాడి.
ఇలాంటిది దొరికితే మా త్రిపాఠీ బాబు
చించి టీగ్లాసు కింద వేసేవాడు,
"చదివేవాణ్ని ఊరంతా తిప్పి
మళ్లీ గుమ్మంలోనే దింపుతావా?"

ఆదివారం కాశీనగరం బస్సెక్కాను.
ఏటి మీద ఇప్పుడు వంతెన ఉంది,
శిలాఫలకం మీద ఇంకెవరి పేరో ఉంది.
దండాసి తమ్ముడు గురువులు అరుగు మీద
చింతపండు గింజలు తీస్తున్నాడు.
నా ప్రశ్న విన్నాడో లేదో.
"ఎంతసేపు మాటాడినాడూ?"
పన్నెండు నిముషాలన్నాను.
చేతిలోని గింజ చేతిలోనే ఉండిపోయింది.
"ఇంటికాడ మా వదిన్తోటి కూడా
అంతసేపు మాటాడగా నానెరగను.
సదవండి బాబూ, ఇంటాను."

మొదట్నుంచి చదివాను, ఆయన యాసలోనే,
అధ్యక్ష మహోదయతో సహా.
ఆ మాట దగ్గరికి వచ్చేసరికి
దగ్గాను.